పిలార్ మామా చెప్పని సగం

కువైట్‌లోని సాల్మియాలో మా పక్క ఫ్లాటులోకి ఎవరో కొత్తగా దిగారు. మొన్న శుక్రవారం మధ్యాహ్నం వాళ్ళ వంటగది కిటికీలోంచి ఆలివ్ నూనె కాగుతున్న వాసన వచ్చింది. మామూలుగా అయితే పట్టించుకోను. ఈ భవనంలో అయిదారు దేశాల వంటల వాసనలు ఒకే మెట్ల మీద ఎక్కి దిగుతుంటాయి. కానీ ఆ నూనెలోకి పల్చగా తరిగిన ఉర్లగడ్డ ముక్కలు పడ్డాయి. ఆ చప్పుడు నాకు తెలుసు. పెద్ద మంట మీద చిటపటలాడే చప్పుడు కాదది. నూనె లోపల ముక్కలు తమలో తాము గుసగుసలాడుకుంటున్నట్టు ఉంటుంది. తర్వాత ఉల్లిపాయ వాసన, ఆ తర్వాత గిన్నెలో కోడిగుడ్లు గిలక్కొడుతున్న టకటకలు. నేను ఇస్త్రీపెట్టె నిలబెట్టేసి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఆ వాసన వెనకాలే ఒక గొంతు వినపడాలి. ఏదో ఒక మాట మొదలుపెట్టి, సగంలో ఆపేసి, కనుబొమలు పైకెత్తి నా వైపు చూసే మనిషి ఒకరు ఉండాలి.

ఆ గుడ్ల వంట నాకు మొదట చూపించిన ఆమె పేరు పిలార్. నేను మామా అనేదాన్ని, ఇక్కడ అమ్మా అన్నట్టు. స్పెయిన్ దేశం నడిమధ్యలో, గోధుమ చేల మధ్య ఉండే ఒక చిన్న ఊరు ఆమెది. పట్నంలో నర్సుగా పనిచేస్తున్నప్పుడు అక్కడ చదువుకోవడానికి వచ్చిన కువైటీ ఒకాయనను పెళ్ళి చేసుకుని ఇక్కడికి వచ్చేసింది. ఆయన అహ్మదిలో ఆయిల్ కంపెనీ ఇంజనీరు. ఎగైలాలో ఇల్లు కట్టుకుని, కొడుకు యూసుఫ్‌ను పెంచి పెద్దచేశారు. నేను రాయచోటి దగ్గరి పల్లె నుంచి వీసా మీద ఆ ఇంట్లో పనికి చేరేటప్పటికి ఆయన పోయి కొన్నేళ్ళయింది. ఇంట్లో ఉండేది యూసుఫ్, బడిలో పాఠాలు చెప్పే భార్య (ఆమెను నేను మేడమ్ అంటాను), వాళ్ళ పిల్లలు, మామా. మామాను కనిపెట్టుకుని ఉండడం నా పని. నేను చదివింది పదో తరగతి. ఆ పైన చదివినదంతా లైబ్రరీల్లో చదివిందే, దానికి దారి చూపింది ఆవిడే. అందుకే ఆమెను చూడనివాళ్ళకు కూడా ఆమె సంగతి తెలియాలని ఇది రాస్తున్నాను.

చేరిన కొత్తలో నాకు అరబిక్ వంటగది మటుకే వచ్చు. ఉప్పు, నీళ్ళు, తలుపు, రా, పో, ఖలాస్. మామా నాతో అరబిక్‌లో మాట్లాడుతూ మాట్లాడుతూ ఉన్నట్టుండి తన భాషలోకి దిగి, నాలుగు మాటలు అని, ఆగిపోయేది. ఆగి నా ముఖంలోకి చూసేది. నేను కూడా చూసేదాన్ని. కాసేపటికి ఆమె నిట్టూర్చి మళ్ళీ పనిలో పడేది. అన్నం దగ్గరా ఇంతే, మందులు ఇస్తున్నప్పుడూ ఇంతే. మా ఊళ్ళో మతిమరుపు వచ్చిన ఒక పెద్దామె ఇలాగే మాట మధ్యలో ఆగిపోయేది. నాకు భయం వేసింది. ఒకరోజు ధైర్యం చేసి మేడమ్‌తో, మామా చెప్పబోయే మాట మధ్యలోనే మరిచిపోతున్నారు, ఎవరికైనా చూపించండి అని వచ్చీరాని అరబిక్‌లో చెప్పాను. మేడమ్ కంగారు పడింది. మరుసటి వారమే డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు. ఆయన బొమ్మలు చూపించి పేర్లు అడిగాడు, లెక్కలు అడిగాడు, వెనక్కి అంకెలు చెప్పమన్నాడు. చివరికి ఈమె జ్ఞాపకశక్తి నాకుంటే ఇంకో పట్టా తెచ్చుకునేవాణ్ణని చెప్పి పంపించాడు.

తిరుగు ప్రయాణంలో, ఈ ఫిర్యాదు చేసిందెవరని మామా అడిగింది. ముందు సీట్లో కూర్చున్న నేను బడిలో లాగా చెయ్యెత్తాను. ఎందుకు చేశానో చెప్పాను. ఆమె మొదట నమ్మలేదు. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. ఎంతసేపు నవ్విందంటే డ్రైవరు బాషా కారు నెమ్మదించి అద్దంలో వెనక్కి చూశాడు. బాషాదీ రాయచోటే. నన్ను అక్కా అంటాడు, వయసులో నాకంటే పెద్దవాడైనా. నవ్వు ఆగాక మామా ముందుకు వంగి నా భుజం మీద చెయ్యి వేసింది.

“నేను మరిచిపోలేదు, సుగుణా. అవి సామెతలు. మా ఊళ్ళో సామెతను ఎవరూ పూర్తిగా చెప్పరు. ముందు సగం నాది, వెనక సగం నీది. పూర్తిగా చెప్పానంటే నీకు తెలియదని అన్నట్టు. చిన్నపిల్లలకు చెబుతాం పూర్తిగా. కోపం వచ్చినప్పుడు చెబుతాం.”

“నాకు నిజంగానే తెలియదు కదా మామా.”

“తెలుసుకో. నీ సగం కోసం నేను ఎదురుచూస్తుంటే నువ్వు నాకు డాక్టరును తెచ్చావు.”

ఆ రోజు నుంచి అది మా ఇద్దరికీ ఆట అయింది. ఆమె దగ్గర సామెతలు ఎన్ని ఉండేవో నేను చెప్పలేను. గాలి, వాన, కుండ, పిల్లి, పక్కింటివాళ్ళు, ఊరి చర్చి ఫాదరు, అన్నిటి మీదా ఒకటి ఉండేది. వేసవి వచ్చిందని తొందరపడి చలికోటు మడిచి పెట్టేవాళ్ళ మీద ఒకటి ఉంది. దాన్ని ఆమె ఏటా మే నెలలో, బయట రోడ్డు తారు మెత్తబడే ఎండలో, ఏసీ గదిలో శాలువా కప్పుకుని తప్పకుండా అనేది. ఎందుకు మామా, ఇక్కడ చలి ఎక్కడుంది అంటే, చలి లేకపోతే ఏం, మే నెల ఉంది కదా అనేది. పొద్దున్నే లేచేవాళ్ళ గురించి రెండు సామెతలు ఉన్నాయి. ఒకటి వాళ్ళను మెచ్చుకుంటుంది, ఇంకొకటి వెక్కిరిస్తుంది. ఏది నిజమని అడిగితే, నిద్రపోతున్నది ఎవరో చూసి నిర్ణయించుకో అంది.

ఆమె నేర్పే పద్ధతి కూడా వేరు. మాటకు అర్థం చివర్న చెప్పేది. ముందు అది ఎవరు ఎవరితో అనే మాటో చెప్పేది. ఇది అనేటప్పుడు నవ్వకూడదు. ఇది కోడలు అత్తతో అనకూడదు, అత్త కోడలితో అనొచ్చు. ఇది కూర మాడిపోయాక అనేది, మాడుతున్నప్పుడు అంటే కొడతారు. ఒకసారి, మీ భాషలో ఇలాంటివి లేవా అని అడిగింది. నాకు పౌరుషం వచ్చింది, బస్తాల కొద్దీ ఉన్నాయని చెప్పాను. ఒకటి చెప్పమంది. చెప్పాను. ఇది ఎవరితో అంటారు, ఎప్పుడంటారు, నువ్వు చివరిసారి ఎప్పుడన్నావు అని వరసగా అడిగింది. నేను దాన్ని ఎవరితోనూ ఎప్పుడూ అనలేదు. సొంతవాక్యంలో వాడండి అని పరీక్షలో ఇస్తే ఒక్కసారి వాడాను, దానికి మార్కు వచ్చింది. మా అవ్వ మాత్రం నోరు తెరిస్తే సామెతతోనే తెరిచేది. ఆమె అంటుంటే మేము పిల్లలం చెవులు మూసుకునేవాళ్ళం. ఆ సంగతి మామాకు చెబితే, నీ మార్కు మీ అవ్వకు పంపించెయ్ అంది.

వారానికోసారి మామా లైబ్రరీకి వెళ్ళేది. తోడుగా నేను. మొదట్లో నేను తలుపు పక్క కుర్చీలో ఆమె చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని. రెండోసారో మూడోసారో ఆమె వచ్చి సంచి లాక్కుని, సంచికి కాపలా అక్కర్లేదు, లేచి ఏదైనా తియ్యి అంది. నేను పిల్లల అర దగ్గరికి వెళ్ళి ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క అరబిక్ ఉన్న బొమ్మల పుస్తకం తీశాను. ఒంటె, ఖర్జూరం చెట్టు, చేపల పడవ. ఇంటికి వచ్చేటప్పటికి పడవకు మూడు భాషల్లో పేరు తెలిసింది. ఆ తర్వాత నన్ను ఆపడం ఎవరితరం కాలేదు. నక్షత్రాల గురించి చదివాను. పెట్రోలు నేల కిందకు ఎలా వచ్చిందో చదివాను. దేశదేశాల రొట్టెల గురించి చదివి, ఆ రాత్రి భోజనాల దగ్గర యూసుఫ్‌కు చెబితే ఆయన ఓపికగా విన్నారు. ఇంగ్లీషు నుంచి స్పానిష్‌కు పోయాను. రెంటికీ అక్షరాలు ఒకటే, కాబట్టి సగం పని అయిపోయినట్టే అనుకున్నాను. బాషా నన్ను ప్రొఫెసరమ్మా అని పిలవడం మొదలుపెట్టాడు. వెక్కిరింపే, కానీ నాకు బాగానే ఉండేది.

బాషా సంగతి కూడా చెప్పాలి. అతను ఆలస్యంగా వస్తే మామా తలుపు దగ్గర నిలబడి సామెత సగం విసిరేది. అతనికి ఒక్క ముక్క అర్థం కాకపోయినా, మిగిలిన సగం తనే చెప్పాలన్నది మాత్రం అర్థమైంది. ఆమె ఏది అన్నా అతను ఒకటే జవాబు చెప్పేవాడు: “ట్రాఫిక్, మామా.” చిత్రమేమంటే అది చాలాసార్లు అతికేది. మామా ఊగిపోయి నవ్వేది. మా నాన్న వింటే ఇతణ్ణి మా ఊరి పెద్దల్లో కూర్చోబెట్టేవాడనేది.

ఆ సామెతల్లో ఒక్కటైనా ఇక్కడ ఎందుకు రాయలేదని మీకు అనిపించవచ్చు. నాకు చాలానే వచ్చు. కానీ రాయాలంటే రెండు సగాలూ నేనే రాయాలి. అది ఆమె ఇంటి పద్ధతి కాదు.

ఆమె అంత నవ్వే మనిషి కదా, ఆమెకు ఒక చెల్లెలు ఉందని నాకు చాలాకాలం తెలియదు. ఒక చలికాలం మధ్యాహ్నం ఇద్దరం వసారాలో బఠానీలు ఒలుస్తున్నాం. మీ ఊళ్ళో ఇంకా ఎవరున్నారని మామూలుగా అడిగాను. ఇనెస్ అని చెల్లెలు ఉందని చెప్పింది. మీరెప్పుడూ ఫోను చెయ్యరే అన్నాను. ఆమె చాలాసేపు బఠానీలు ఒలిచాక చెప్పింది. కువైట్‌కు బయలుదేరిన రోజు ఆమె పెట్టె పట్టుకుని బస్సు ఆగే చోట నిలబడి ఉందట. నాన్న రాలేదు. ఇనెస్ వచ్చింది. వీడ్కోలు చెప్పడానికే వచ్చిందని పిలార్ అనుకుంది. వాళ్ళ ఊళ్ళో దూరదేశం వెళ్ళి పెళ్ళి చేసుకునేవాళ్ళ మీద ఒక సామెత ఉంది. మంచి మాట కాదు. అందులో వెళ్ళేవాళ్ళకూ మర్యాద లేదు, వాళ్ళను చేసుకునేవాళ్ళకూ లేదు. చెల్లెలు అక్క ఎదురుగా నిలబడి ఆ సామెత అంది.

“సగం అని ఆగి ఉంటే నేను ఏదో ఒకటి అనేదాన్ని,” అంది మామా. “తిట్టేదాన్ని, ఏడ్చేదాన్ని. రెండు సగాలూ తనే అనేసింది. నాకేమీ మిగల్చలేదు. బస్సు ఎక్కేశాను.”

అంతే. తల్లి పోయినప్పుడూ, తండ్రి పోయినప్పుడూ ఇద్దరూ ఒకరికొకరు ఎదురు పడకుండా వేరువేరు రోజుల్లో వెళ్ళారట. ఆమె పిల్లిని తలుచుకుని, వానను తలుచుకుని అన్ని సామెతలు అంటుండేది కదా, ఆ ఒక్కటి మాత్రం ఆమె నోట నేను ఎన్నడూ వినలేదు.

ఇది జరిగిన ఏడాదికి యూసుఫ్ తన పిన్ని కొడుకును ఫోనులో వెతికి పట్టుకున్నారు. ఇద్దరూ కలిసి ఏం మాట్లాడుకున్నారో తెలియదు. ఒకరోజు భోజనాల దగ్గర ఆయన, వచ్చే వారం ఇనెస్ పిన్ని వస్తోంది, టికెట్ తీశాం అని చెప్పారు. మామా చెంచా కింద పెట్టింది. మరుసటి ఉదయం చూస్తే కుర్చీ ఎక్కి అతిథుల గది కర్టెన్లు దించుతోంది, ఉతకడానికి. విమానాశ్రయానికి మాత్రం రానంది. మోకాళ్ళ నొప్పులట. కుర్చీ ఎక్కినప్పుడు ఆ మోకాళ్ళకు ఏమీ కాలేదని నేను అనలేదు.

ఆమె భయపడుతోందని నాకు తెలుస్తూనే ఉంది. వచ్చే చెల్లెలు మళ్ళీ అలాగే నిలబడి అలాగే ఏదైనా అంటే, ఈ వయసులో ఇంకో బస్సు ఎక్కి పారిపోవడానికి లేదు. ఇద్దరూ ఒక ఇంట్లో పది రోజులు ఎలా ఉంటారని మేడమ్ కూడా దిగులుపడింది. నేను ఏదైనా చెయ్యాలనుకున్నాను. నాకు తెలిసిన చోటు ఒకటే కాబట్టి లైబ్రరీకి పోయాను. స్పానిష్ సామెతలు విషయాలవారీగా పెట్టి ఇంగ్లీషులో వివరించిన పుస్తకం ఒకటి అక్కడుంది. అతిథులు అన్న శీర్షిక తీశాను. మొట్టమొదటిదే పొట్టిగా, పాటలాగా ఉంది. ఇళ్ళల్లో చాలా ఎక్కువగా వినపడే మాట, నవ్వుతూ అంటారు అని పక్కన రాసి ఉంది. అందులో చుట్టం అనే మాట నాకు తెలుసు, చేప అనే మాట తెలుసు, రోజులు అనే మాట తెలుసు. ఇక అర్థం కాకపోవడానికి ఏముంది. మా సీమలో చుట్టం వస్తే కోడి కోస్తాం. కువైట్‌లో గొప్ప అతిథి వస్తే పెద్ద చేప వండి పళ్ళెం నిండా అన్నం మీద పెడతారు. వాళ్ళ దేశంలోనూ చుట్టానికి వరసగా కొన్ని రోజులు చేపలు పెట్టడం ఆచారం కాబోలు అనుకున్నాను. వివరణ మిగతా పేరా తర్వాతి పేజీలో ఉంది. పేజీ తిప్పలేదు. తిప్పాల్సిన అవసరం కనపడలేదు.

ఇనెస్ వచ్చే రోజు పొద్దున్నే లేచి పెద్ద జుబైదీ చేప తెప్పించి వండి, మూతపెట్టి, ఆ మాటను నోట్లో తిప్పుకుంటూ బాషాతో విమానాశ్రయానికి పోయాను. ఇనెస్ పొట్టిగా, నిటారుగా ఉంది. కనుబొమలు అచ్చు మామావే. నేను ఎదురు వెళ్ళి, చేతులు జోడించి, రెండు సగాలూ ఒక్క అక్షరం వదలకుండా చెప్పాను. ఆమె నన్ను తలనుంచి కాళ్ళదాకా చూసింది. ఆ చూపుకు నేను నా ఉచ్చారణ బాగుందనుకున్నాను. కారులో ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

బాషా గొంతు తగ్గించి తెలుగులో అడిగాడు: “ఏం చెప్తివి సుగునక్కా ఆయమ్మకు? బయటికొచ్చేటప్పుడు బానే ఉండె, ఇప్పుడు చూడు మొగం.”

“సామెత చెప్పినా. స్వాగతం చెప్పేది.”

“ఏమో. మా అత్త మా ఇంటికొస్తే మా యమ్మ చెప్పే స్వాగతం మాదిరి ఉండాది ఆ మొగం.”

ఇంటి దగ్గర అక్కచెల్లెళ్ళు ఒకరి బుగ్గకు ఒకరు బుగ్గ తాకించారు, అంతే. యూసుఫ్ ఆఫీసులో ఉన్నారు, మేడమ్ బడిలో. ఇనెస్ పెట్టెను గదిలోకి తీసుకుపోబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టి తలుపు దగ్గరే ఉంచమంది. ఇద్దరూ బల్లకు చెరో పక్కన కూర్చున్నారు. ప్రయాణం ఎలా జరిగింది, ఊళ్ళో చలి ఎలా ఉంది, ఏదో బ్యాంకులో అడిగినట్టు అడుగుతోంది మామా. ఈ ఇబ్బంది పోవాలంటే అన్నం పెట్టాలి అనుకుని నేను పళ్ళెం తెచ్చి మధ్యలో పెట్టి మూత తీశాను. ఎర్రగా వేగిన చేప, కింద అన్నం.

ఇనెస్ చేప వైపు చూసింది. ఫోర్కు కింద పెట్టింది. ఆమె నెమ్మదిగా, గట్టిగా మాట్లాడింది కాబట్టి నాకూ అర్థమైంది.

“నన్ను పిలిచింది నీ కొడుకు, పిలార్. నువ్వు కాదని నాకు తెలుసు. కానీ దాన్ని ఈ అమ్మాయితో నా మొహాన చెప్పించి, చేప కూడా వండించి పెట్టాలా? హోటల్‌కు వెళతాను.”

మామాకు ఏమీ అర్థం కాలేదు. నేనేం చెప్పించాను అంది. ఇనెస్ నా వైపు చూపించింది. ఏం చెప్పావు సుగుణా అని మామా అడిగింది. చేతులు కట్టుకుని, బడిలో పద్యం అప్పజెప్పినట్టు మొత్తం అప్పజెప్పాను. ఆ మాట ఎక్కువ రోజులు ఉండిపోయే చుట్టాన్ని వేళాకోళం చేసేదని నాకు తెలిసింది తర్వాతే. అందులోకి చేప ఎందుకు వచ్చిందో ఫ్రిజ్ లేని వంటగదిలో కొన్ని రోజులుగా ఉన్న చేపను తలుచుకుంటే మీకే తడుతుంది.

మామా గొంతు మామూలుగానే ఉంది. “విమానాశ్రయంలో కూడా ఇలాగే చెప్పావా? రెండో సగం కూడా?”

“చెప్పినా మామా. ఏమీ వదల్లేదు.”

ఆమె చెల్లెలి వైపు తిరిగింది. “విన్నావు కదా ఇనెస్. నేను నేర్పి ఉంటే సగంలో ఆగేది. మనింట్లో ఎప్పుడైనా ఎవరైనా ఇలా చివరిదాకా చదివారా? ఇది పుస్తకంలోది. ఈ పిల్ల పుస్తకాలు మింగుతుంది.”

ఇనెస్ నా వైపు చూసింది. కట్టుకున్న నా చేతుల వైపు చూసింది. మళ్ళీ చేప వైపు చూసింది. నేను వచ్చిన అరబిక్, రాని స్పానిష్ కలిపి, మా దేశంలో చుట్టాలకు కోడి, ఇక్కడ చేప, అందుకని అని ఏదో చెప్పబోయాను. ముందు ఆమె భుజాలు కదిలాయి. తర్వాత మామావి. అక్కచెల్లెళ్ళు ఒకే రకంగా నవ్వుతారు, శబ్దం లేకుండా మొదలై బల్ల ఊగేదాకా. తలుపు దగ్గర పెట్టె పక్కన నిలబడ్డ బాషా ఏం జరిగిందో తెలియకపోయినా వాళ్ళతోపాటు నవ్వాడు.

నవ్వు తగ్గాక మామా, కళ్ళు తుడుచుకుంటూ, ఒక సామెత మొదటి సగం అంది. నేను అంతకుముందు వినలేదు. అయినా దూరం అన్న మాట, పెళ్ళి అన్న మాట వినపడగానే అదేమిటో తెలిసిపోయింది. అన్నేళ్ళ కిందట బస్సు దగ్గర విన్నదాన్ని ఆమె ఇప్పుడు తన నోటితో మొదలుపెట్టి, సగం చెల్లెలి ముందు పెట్టి ఆగింది. కనుబొమలు పైకెత్తి ఎదురుచూసింది.

ఇనెస్ తల దించుకుంది. అప్పటి సగం ఇప్పుడూ అనొచ్చు. ఏమీ అనకుండా లేచి పెట్టె పట్టుకుని వెళ్ళిపోనూ వచ్చు. నేను బల్ల మీది మూత చేతిలోకి తీసుకుని అలాగే నిలబడ్డాను. ఆమె కొంచెం గొంతు సవరించుకుని అంది:

“…చెల్లెల్ని విమానం ఎక్కించి చేప తినడానికి రప్పిస్తారు.”

“అది అందులో లేదు,” అంది మామా.

“ఇప్పుడు చేరింది,” అంది ఇనెస్. పళ్ళెం తన వైపు లాక్కుని చేప తోక దగ్గరి ముక్క తీసుకుంది. అది ఎప్పుడూ తనదేనని, చిన్నప్పుడు ఎన్నిసార్లు చెప్పినా వినేది కాదని మామా నాతో అరబిక్‌లో ఫిర్యాదు చేసింది. బాషా పెట్టె తీసుకుని గదిలోకి నడిచాడు. ఈసారి ఎవరూ చెయ్యి అడ్డం పెట్టలేదు.

పది రోజులని వచ్చిన ఇనెస్ టికెట్ రెండుసార్లు మార్పించుకుంది. నాకు ఆ రోజులు పండగ. ఒక్కో సామెత మీద ఇద్దరూ పోట్లాడుకునేవాళ్ళు. అమ్మ ఇలా అనేది అని ఒకరు, కాదు, అది పక్క ఊరివాళ్ళు అనేది అని ఒకరు. తీర్పు చెప్పమని నన్ను పిలిచేవాళ్ళు, పుస్తకం చదివినదాన్ని కదా. ఇనెస్ రోజూ పొద్దున వంటగదిలోకి తొంగిచూసి, ఈ రోజు చేప ఉందా, నేను పెట్టె సర్దుకోవాలా అని అడిగేది. లైబ్రరీకి కూడా మాతో వచ్చి, ఆ పుస్తకం తీయించి, నేను తిప్పని ఆ పేజీ తనే తిప్పి, వేలు పెట్టి నాతో చదివించింది.

మరుసటి వేసవికి మామా వాళ్ళ ఊరు వెళ్ళింది, నెలరోజులని. ఇంకా అక్కడే ఉంది. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటూ పొయ్యి దగ్గర పోట్లాడుకుంటున్నారని యూసుఫ్ చెబుతుంటారు. వెళ్ళే ముందు మామా నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, పుస్తకాలు మానొద్దు అంది. పుస్తకంలో దొరికిన మాటను మాత్రం బయటి మనిషి మీద వెయ్యకముందు ఇంట్లో ఎవరి మీదైనా వేసి చూసుకో అంది. ఆ ఇంట్లో నాకు పని తగ్గిపోవడంతో యూసుఫే కాగితాల పని దగ్గరుండి చేయించి నన్ను సాల్మియాలో పసిపిల్లల బడిలో ఆయాగా పెట్టించారు.

ఇప్పుడు శుక్రవారం సాయంత్రాలు మా ఫ్లాటులో కొంతమందిమి కలుస్తాం. అందరం కడప, రాయచోటి వైపు ఆడవాళ్ళం. లైబ్రరీ నుంచి తెచ్చిన పుస్తకాలు గట్టిగా చదువుకుంటాం, ఇంగ్లీషూ, అరబిక్కూ, ఊరి నుంచి ఎవరైనా తెస్తే తెలుగూ. పోయిన వారం చిన్నమండెం నుంచి వచ్చిన నాగవేణి మొదటిసారి చదివింది. ఆ పిల్ల ఇళ్ళల్లో పనిచేస్తుంది, ఇంగ్లీషు అక్షరాలు వచ్చి ఇంకా ఎన్నో నెలలు కాలేదు. వాక్యం మధ్యలో ఒక మాట దగ్గర ఆగిపోయింది. ఆ మాట నాకు తెలుసు. నాలుక చివర ఉంది. వెనకటి సుగుణ అయితే ఆ మాటే కాదు, పేరా మొత్తం చదివి పారేసేది. నేను పెదాలు బిగించుకుని కూర్చున్నాను. గదిలో అందరూ నా వైపు చూశారు. నాగవేణి నా వైపు చూసింది. నాకు తెలియకుండానే నా కనుబొమలు పైకి లేచాయని పక్కనున్న ఆమె తర్వాత చెప్పింది. నాగవేణి మళ్ళీ పుస్తకంలోకి వంగి, వేలితో అక్షరాలు కూడబలుక్కుని, ఆ మాట పట్టుకుంది. పట్టుకుని, వాక్యం చివరిదాకా ఒక్క ఊపులో పోయింది. అప్పుడు తలెత్తి నన్ను నిలదీసింది.

“నీకు తెలుసు గదక్కా. చెప్పచ్చు గదా, అంతసేపు నన్ను చూస్తా కూచుంటివే.”

“చెప్తే అది నాదైపోతుంది,” అన్నాను. “కానీ ఇప్పుడు నీది. తిప్పు పేజీ.”